నాలుగు దేశాల నడుమ ఒక జనజాతి: ఇన్యూట్ నాయకుల హక్కుల సాధన

(అల్పసంఖ్యాకుల హక్కుల దినం సభలో చేసిన ప్రసంగ పాఠం)





మనం ఏటేటా డిసెంబరు 18న జరుపుకొనే ఈ దినానికి మూలం ఒక పత్రం. 1992లో అదే తేదీన ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ జాతి, మత, భాషా అల్పసంఖ్యాకులకు చెందిన వ్యక్తుల హక్కుల ప్రకటనను ఆమోదించింది. 'వ్యక్తుల' అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి, దానితో తర్వాత పని పడుతుంది. ఈ వేదిక మీద ప్రతిసారీ రాజ్యాంగంలోని 29, 30 అధికరణాల గురించో, సచార్ కమిటీ నివేదిక గురించో మాట్లాడుకుంటూ వచ్చాం. ఈసారి ఉత్తర ధ్రువ ప్రాంతంలో నివసించే ఇన్యూట్ ప్రజల గురించి మాట్లాడతామని మేమే నిర్వాహకులను కోరాం. మంచులో బతికేవారి సంగతి మనకెందుకని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు ముందే చెబితే మీరు లేచి వెళ్లిపోయే ప్రమాదం ఉంది కనుక చివరికి చెబుతాము.

చిన్నతనంలో మన పాఠ్యపుస్తకాల్లో వీరిని ఎస్కిమోలు అని చదువుకున్నాం. మంచు ఇల్లు, కుక్కలు లాగే బండి, తోలు దుస్తులు; ఒక బొమ్మ, నాలుగు వాక్యాలు. ఎస్కిమో అన్నది ఇతరులు వారికి పెట్టిన పేరు. ఇన్యూట్ అంటే వారి భాషలో మనుషులు అని అర్థం. వారి సంఖ్య మొత్తం మీద సుమారు 1,80,000. మన దగ్గర ఒక మోస్తరు పట్టణ జనాభా అంత. అంతమందీ నాలుగు దేశాలలో ఉన్నారు: అమెరికాలోని అలాస్కా, కెనడా, డెన్మార్క్ అధీనంలోని గ్రీన్‌లాండ్, రష్యాలోని చుకోత్కా. ఉమ్మడి కుటుంబపు పొలం మధ్య నుంచి ఎవరో వచ్చి నాలుగు సర్వే రాళ్లు పాతి వెళ్లినట్టు, వారి సముద్రం మీద, వారి వేట దారుల మీద నాలుగు రాజ్యాల సరిహద్దులు పడ్డాయి.

అలాస్కా ఉత్తర కొసన బారో అనే ఊరు ఉంది. ఇప్పుడు దాని పాత పేరు ఉత్కియాగ్విక్ తిరిగి వచ్చింది. వలసపక్షుల రక్షణకు 1916లో కుదిరిన ఒక ఒప్పందం ప్రకారం వసంతం నుంచి ఆగస్టు చివరి వరకు బాతుల వేట నిషిద్ధం. సెప్టెంబరులో అనుమతి. దక్షిణాన కూర్చుని రాసినవారికి ఇందులో లోపం కనిపించదు. కాని బారోకు బాతులు వచ్చేది వసంతంలో. అనుమతి దొరికే నాటికి అవి ఆ ఆకాశం విడిచి వెళ్లిపోతాయి. అంటే చట్టం ఇచ్చిన కాలంలో పక్షి లేదు, పక్షి ఉన్న కాలంలో చట్టం లేదు. 1961 మే నెలలో జాన్ నుసున్‌గిన్యా అనే శాసనసభ్యుడిని బాతును కొట్టినందుకు అధికారులు పట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత 138 మంది మగవారు తలా ఒక బాతును చేతబట్టుకుని అధికారి ఎదుట నిలబడి, మేమూ ఆ నేరమే చేశాం, మమ్మల్నీ పట్టుకోండి అన్నారు. రాయి విసరలేదు, గొంతు పెంచలేదు. అంతమందిని పెట్టడానికి అక్కడ జైలు లేదు. కేసులు తర్వాత వీగిపోయాయి. ఒప్పందాన్నే సవరించి వసంతకాలపు వేటను గుర్తించడానికి మాత్రం 1990ల దాకా ఆగవలసి వచ్చింది. కార్యాలయాల్లో పనిచేసినవారికి ఈ వ్యవధి ఆశ్చర్యం కలిగించదు.

ఆ రోజుల్లోనే మరొక ముప్పు. పాయింట్ హోప్ అనే ఊరికి దగ్గరలో అణు బాంబులు పేల్చి ఓడరేవు తవ్వాలని అమెరికా అణుశక్తి సంఘం 1958లో పథకం వేసింది. దాని పేరు ప్రాజెక్ట్ చారియట్. భయపడవలసింది ఏమీ లేదని చెప్పడానికి అధికారులు ఊరికి వచ్చారు. ఊరివారు అడిగిన ప్రశ్నలు, అధికారులు ఇచ్చిన హామీలు టేపు మీద రికార్డయ్యాయి. ఊరి సభ పథకాన్ని వ్యతిరేకించింది. నేరుగా రాష్ట్రపతి కెనెడీకే లేఖ రాసింది. 1962లో ఆ పథకం అటకెక్కింది.

ఈ రెండు వ్యవహారాల నుంచి పుట్టినది ఒక పత్రిక. పాయింట్ హోప్‌లోనే పుట్టి, సియాటిల్‌లో చిత్రకారుడిగా జీవనం సాగించిన హొవార్డ్ రాక్ 1962 అక్టోబరు 1న 'టుండ్రా టైమ్స్' ప్రారంభించారు. సంపాదకత్వం ఆయన చదివిన విద్య కాదు. 1976లో మరణించేవరకు ఆయనే నడిపారు. డబ్బు ఎప్పుడూ చాలేది కాదు. అయినా వందల మైళ్ల దూరంలో చెల్లాచెదురుగా ఉన్న గ్రామాలకు, పక్క గ్రామం కూడా ఇదే బాధ పడుతోందన్న సంగతి ఆ పత్రిక వల్లనే తెలిసింది. చందాలు సకాలంలో కట్టని మన పాఠకుల కోసం ఈ మాటను కాస్త నొక్కి చెబుతున్నాము.

ఆ చైతన్యం వల్లనే 1971లో అలాస్కా మూలవాసుల భూముల పరిష్కార చట్టం వచ్చింది. 4 కోట్ల 40 లక్షల ఎకరాలు, 96 కోట్ల 25 లక్షల డాలర్లు. సంతకం పడిన తేదీ డిసెంబరు 18! కాకతాళీయమే, కాని ఇవాళ చెప్పకుండా ఉండలేకపోయాం. ఈ చట్టాన్ని పొగిడేవారు ఎందరో, తిట్టేవారూ అందరే. భూమిని గ్రామ సభలకు కాక కంపెనీలకు అప్పగించి, మూలవాసులను వాటాదారులుగా మార్చింది. ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలకు మొదట వాటా లేకుండా పోయింది. తాత నేల మీద మనవడికి హక్కు ఉండాలంటే అతడు ఫలానా శనివారం లోపల పుట్టి ఉండాలన్నమాట. డబ్బుతో పరిష్కారం చేసేటప్పుడు ఇలాంటి గీతలు ఎవరు గీస్తారో, ఎందుకు గీస్తారో గమనించవలసిన విషయం.

ఇక కెనడా. ఇక్కడ మేము కొంచెం ఎక్కువసేపు ఆగుతాము.

ఇన్యూట్ సంప్రదాయంలో ఇంటిపేరు లేదు. ఊరిలో చనిపోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకు పెడతారు. పేరుతో పాటు బంధుత్వమూ వస్తుంది. తాత పేరు పెట్టుకున్న పసిబిడ్డను తల్లి తన తండ్రిని పిలిచే వరుసతోనే పిలవవచ్చు. పేరును బట్టి ఆడ, మగ తేడా తెలియదు. ఇంత లోతైన ఏర్పాటు ప్రభుత్వ రిజిస్టరులో ఇమడలేదు. రాసేవారికి ఆ ఉచ్చారణ నోరు తిరగలేదు. 1940లలో ప్రభుత్వం ఒక్కొక్కరికి ఒక గుండ్రని బిళ్ల ఇచ్చింది. దాని మీద కిరీటం గుర్తు, ఒక నంబరు. తూర్పువారికి 'ఇ', పడమరవారికి 'డబ్ల్యు' అక్షరం. మెడలో వేసుకోవాలి, లేదా దుస్తులకు కుట్టుకోవాలి. బడి, ఆసుపత్రి, పిల్లల భత్యం, అన్నింటికీ ఆ నంబరే మనిషి. తర్వాతి తరపు గాయని లూసీ ఇడ్లౌట్ తన పాటల సంపుటికి 'ఇ5-770, మా అమ్మ పేరు' అని పేరు పెట్టింది.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా బతుకు గడిపినవాళ్లం. రిజిస్టరులో పేరు ఎలా పడితే మనిషి అలా అయిపోవడం కళ్లారా చూసినవాళ్లం. ఒక్క రహంతుల్లా రేషన్ కార్డులో రాంతుల్లా, ఓటరు జాబితాలో రహమతుల్ల, పట్టాదారు పుస్తకంలో రహ్మతు సాయిబు. ముగ్గురూ ఒకడేనని రుజువు చేసుకోవడానికి ఆ ముసలాయన చెప్పులు అరిగేలా తిరగాలి. ఇది హేళన కోసం చేసిన పని కాకపోవచ్చు. కలం పట్టినవాడికి ఆ పేరు అవసరం అనిపించకపోవడమే దానికి మూలం. అందుకే ఏబ్ ఒక్‌పిక్ అనే ఇన్యూట్ పెద్దమనిషి చేసిన పని మాకు చాలా గొప్పదిగా తోస్తుంది. ఆయన 1965లో వాయవ్య భూభాగాల మండలిలో సభ్యుడైన తొలి ఇన్యూట్. నంబర్లు పోవాలని వాదించారు. 1960ల చివర ప్రభుత్వం ఇంటిపేర్ల నమోదు పథకం చేపట్టినప్పుడు ఆ బాధ్యతను ఆయనకే ఇచ్చింది. విమానాల్లో, మంచు బళ్ల మీద ఊరూరా తిరిగి, ప్రతి కుటుంబాన్నీ తన భాషలో అడిగి, వారు కోరిన పేరును వారు పలికిన తీరులో రాసుకున్నారు. అసలు ఇంటిపేరే వారి ఆచారం కాదు గదా అన్న విమర్శ ఉంది. నిజమే. కాని పై అధికారి వేసిన నంబరుకూ, తన మనిషి వచ్చి అడిగి రాసిన పేరుకూ ఎంత తేడా ఉందో నంబరు మోసినవారికే తెలుసు.

నేల విషయంలో జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. 1953లో క్యూబెక్ ఉత్తర భాగంలోని ఇనుక్‌జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను ప్రభుత్వం ఓడ ఎక్కించి 2,000 కిలోమీటర్ల ఉత్తరాన రెజల్యూట్, గ్రీజ్ ఫియోర్డ్ అనే చోట్ల దించింది. వేట బాగా దొరుకుతుందని, నచ్చకపోతే రెండేళ్లలో తిరిగి రావచ్చని చెప్పారు. అక్కడ శీతకాలంలో నెలల తరబడి సూర్యుడు కనిపించడు. బంధువులను ఓడలోనే విడదీసి వేరువేరు చోట్ల దించారు. తిరిగి పంపుతామన్న మాట మరిచిపోయారు. ఉత్తర కొసన కెనడా జెండాకు మనుషులు కావలసి వచ్చి ఈ పని చేశారని బాధితుల వాదన. అలా తరలిపోయిన పసివారిలో జాన్ అమగోవాలిక్ ఒకరు. పెరిగి పెద్దయి ఆ సంగతిని రాజధాని ముందు పెట్టినవారిలోనూ ఆయన ఒకరు. 1994లో రాయల్ కమిషన్ నివేదిక ఇచ్చింది. 1996లో కోటి డాలర్ల నిధి ఇచ్చారు, క్షమాపణ ఇవ్వలేదు. క్షమాపణ 2010 ఆగస్టులో వచ్చింది. అప్పటికి ఓడ ఎక్కిన పెద్దల్లో ఎందరు మిగిలి ఉంటారో మీరే ఊహించండి.

ఈ అమగోవాలిక్, టాగాక్ కర్లీ వంటి యువకులు 1970లలో ఏంచేశారో చూడండి. 1971లో కర్లీ నాయకత్వంలో ఇన్యూట్ టపిరీసత్ అనే సంఘం ఏర్పడింది. ఈ నేల మాది అంటే, కాగితం చూపించు అన్నది ప్రభుత్వం. వారికి పట్టా లేదు, పహాణీ లేదు, లిపి కూడా ఇటీవలిదే. అప్పుడు సంఘం పరిశోధకులను వెంటబెట్టుకుని ఊరూరా వేటగాళ్ల దగ్గరకు వెళ్లింది. పటం ముందు పరిచి, నీవు ఎక్కడ సీలును వేటాడావు, ఎక్కడ చేప పట్టావు, ఏ దారిన నడిచావు, మీ నాన్న ఎక్కడ గుడారం వేసేవాడు అని అడిగి, ఒక్కొక్కరి జీవితాన్ని పటం మీద గీతలుగా గీసింది. వందలాది పటాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, ప్రభుత్వం ఖాళీ అనుకున్న నేల మీద ఖాళీ చోటు దాదాపు కనిపించలేదు. 1976లో ఆ అధ్యయనం మూడు సంపుటాలుగా వెలువడింది. అదే ఏడు సంఘం తన ప్రతిపాదనను ప్రభుత్వం ముందు పెట్టింది.

ఒప్పందం మీద సంతకం పడింది 1993 మే 25న. పదిహేడేళ్ల బేరం. దాని ఫలితంగా 1999 ఏప్రిల్ 1న నునావుత్, అంటే 'మన నేల', అనే భూభాగం ఏర్పడింది. కెనడాలో ఐదో వంతు విస్తీర్ణం. సుమారు మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్లు ఇన్యూట్ సొంత యాజమాన్యంలోకి వచ్చాయి. అందులో పదో వంతులో భూగర్భ ఖనిజాల హక్కు కూడా దక్కింది. బదులుగా మిగతా నేల మీది సంప్రదాయ హక్కును వదులుకున్నట్టు రాసి ఇవ్వవలసి వచ్చింది. ఇది కొందరు పెద్దలకు ఇప్పటికీ మింగుడుపడని షరతు. మాకైతే ఆ పరిస్థితుల్లో అంతకన్న మంచి బేరం దొరికేదని అనిపించదు, కాని నష్టాన్ని నష్టమనే చెప్పాలి.

సంతకంతో కథ ముగిసిందనుకునేరు. ప్రభుత్వ ఉద్యోగాల్లో జనాభా నిష్పత్తి మేరకు ఇన్యూట్ ఉండాలని ఒప్పందంలో ఉంది. జనాభాలో వారు 85 శాతం. ఉద్యోగాల్లో సగం దగ్గరే ఆగిపోయారు. ఒప్పందం అమలు కాలేదని వారి సంస్థ 2006లో కేంద్ర ప్రభుత్వం మీద దావా వేసింది. 2015లో 25 కోట్ల 55 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. జీవో జారీ కావడానికీ అది మండల కార్యాలయం మెట్లెక్కడానికీ మధ్య ఉండే దూరం ఎంతో తెలిసిన మనకు ఈ ఘట్టం విడమరచి చెప్పనక్కరలేదు.

నునావుత్ ప్రభుత్వం ఇన్యూట్‌కు మాత్రమే చెందినది కాదు, అక్కడ నివసించే పౌరులందరిదీ. రాజధాని ఇకాలుయిత్‌లో 2016లో ఒక మస్జిద్ వెలసింది. అంతకు ముందు 2010లో ఇనువిక్ అనే మరో ధ్రువ పట్టణానికి విన్నిపెగ్‌లో కట్టిన మస్జిదును లారీ మీద, తర్వాత బల్లకట్టు పడవ మీద 4,000 కిలోమీటర్లు తీసుకువెళ్లారు. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు. ఇఫ్తార్ వేళకు దక్షిణాది నగరపు గడియారం చూసుకుంటారు. ఇన్యూట్ సాధించిన ఆ శాసనసభకు ఓటేసేవారిలో మన సోదరులూ ఉన్నారు.

ఇప్పుడు నాలుగు దేశాల సంగతికి వద్దాం. 1968లో అలాస్కా ఉత్తర తీరాన ప్రూడో బే దగ్గర చమురు పడింది. ఎబెన్ హోప్సన్ అనే ఇన్యూపియాక్ నాయకుడు 1972లో నార్త్ స్లోప్ బరో అనే స్థానిక ప్రభుత్వాన్ని ఏర్పరచి, కంపెనీలు కోర్టుకెక్కినా వెనుదీయక, ఆ చమురు ఆస్తుల మీద పన్ను విధించారు. ఆ పన్నుతో బడులు వచ్చాయి. కాని సముద్రంలో చమురు ఒలికితే అది సరిహద్దు దగ్గర ఆగదని ఆయన గ్రహించారు. 1977 జూన్‌లో బారోలో అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్ ప్రతినిధులను సమావేశపరిచారు. అదే ఇన్యూట్ సర్కంపోలార్ కాన్ఫరెన్స్, ఈనాటి ఇన్యూట్ సర్కంపోలార్ కౌన్సిల్. సోవియట్ ప్రభుత్వం తన వైపు వారిని రానివ్వలేదు. వారి కోసం ఒక కుర్చీని ఖాళీగా ఉంచారు. 1989లో సోవియట్ ప్రతినిధులు మొదటిసారి వచ్చి కూర్చున్నారు. 1980లో కన్నుమూసిన హోప్సన్ ఆ దృశ్యం చూడలేదు.

1983లో ఆ సంస్థకు ఐక్యరాజ్య సమితిలో సంప్రదింపుల హోదా లభించింది. 1996లో ఎనిమిది దేశాలు ఆర్కిటిక్ కౌన్సిల్ ఏర్పరచినప్పుడు మూలవాసుల సంస్థలకు శాశ్వత భాగస్వాములుగా అదే బల్ల దగ్గర స్థానం దక్కింది. ఓటు లేదు, కాని వారితో సంప్రదించకుండా నిర్ణయం కుదరదు. ఇందుకోసం పాటుపడిన మేరీ సైమన్ 2021లో కెనడా గవర్నర్ జనరల్ అయ్యారు. ఆ పదవిలో తొలి మూలవాసి ఆమె.

ఈ ప్రసంగంలో మాకు అన్నిటికన్న ముఖ్యమని తోచేది షీలా వాట్-క్లూటియే గారి ఉదంతం. 1980లలో ఉత్తర క్యూబెక్‌లో తల్లుల పాలను పరీక్షిస్తే, దక్షిణాది తల్లుల పాలకన్న ఎన్నో రెట్లు విష రసాయనాలు తేలాయి. ఆ మంచు నేల మీద ఫ్యాక్టరీ లేదు, పొలం లేదు. వెచ్చని దేశాల్లో వాడిన రసాయనాలు గాలిలో తేలి, చల్లని చోట దిగి, చేపలోకి, సీలులోకి, తల్లి పాలలోకి చేరుతున్నాయి. అందులో డీడీటీ ఒకటి. మా వయసువారికి గుర్తుండాలి: మలేరియా సిబ్బంది పంపు భుజాన వేసుకుని వచ్చి ఇంటింటా గోడలకు డీడీటీ కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లేవారు. ఆ గోడలకూ ఆ తల్లులకూ సంబంధం ఉందని అప్పుడు ఎవరు అనుకున్నారు?

ఈ రసాయనాల నిషేధానికి అంతర్జాతీయ చర్చలు జరిగినప్పుడు ఇన్యూట్ ప్రతినిధిగా ఆమె వెళ్లారు. తల్లీబిడ్డల శిల్పాన్ని ఒకదాన్ని కానుకగా ఇచ్చారు. చర్చలు సాగినంతకాలం అది అధ్యక్షుని బల్ల మీద ఉంది. డీడీటీని పూర్తిగా నిషేధించాలని పట్టుబట్టే హక్కు అందరికన్నా ఆమెకే ఎక్కువ. కాని మలేరియాతో పిల్లలను పోగొట్టుకునే ఉష్ణదేశపు తల్లి మాటేమిటన్న ప్రశ్న లేచింది. ఆమె ఇచ్చిన సమాధానపు సారాంశం ఇది: మా బిడ్డను కాపాడుకోవడానికి మరో తల్లి బిడ్డను బలిపెట్టే ఒప్పందంలో మేము భాగస్వాములం కాము. 2001లో స్టాక్‌హోమ్‌లో సంతకాలు జరిగిన ఒప్పందంలో డీడీటీని వ్యాధి కారక దోమల నివారణకు మాత్రం అనుమతించారు. 2006లో మన దేశం కూడా ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. అంటే ఉత్తర ధ్రువాన ఒక స్త్రీ మన తల్లులను తలచుకుని తన హక్కులో కొంత ఆపుకున్నది. హక్కులు అడిగేవారు ఇతరుల సంగతి పట్టించుకోరన్న ఆరోపణ మన మీద కూడా తరచు వస్తుంది గనుక, ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోదగినది.

2005 డిసెంబరులో ఆమె, మరి 62 మంది ఇన్యూట్ కలిసి, అమెరికా వదిలే వాయువుల వల్ల మంచు కరిగి తమ మానవ హక్కులకు భంగం కలుగుతోందని అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కు అర్జీ పెట్టారు. మరుసటి ఏడు కమిషన్ దాన్ని విచారణకు స్వీకరించలేదు. అయినా 2007 మార్చిలో ఆమెను పిలిచి విన్నది. వాతావరణ మార్పును మానవ హక్కుల సమస్యగా చూడడం ఇవాళ అందరికీ అలవాటైంది. ఆ దారిన ముందు నడిచిన కాగితాల్లో తిరస్కారం పొందిన ఆ అర్జీ ఒకటి.

ఇక మొదట గుర్తుంచుకోమన్న మాట దగ్గరకు వద్దాం. 1992 ప్రకటన 'వ్యక్తుల' హక్కులను చెబుతుంది. ఇన్యూట్ నాయకులు దశాబ్దాల పాటు వాదించింది, తాము కేవలం అల్పసంఖ్యాక వ్యక్తులం కాము, ఒక జనజాతి అని. ఇంగ్లీషులో ఆ తేడా చివరి 'ఎస్' అక్షరంలో ఉంది. ఆ ఒక్క అక్షరం కోసం ఏళ్ల తరబడి పెనుగులాట జరిగింది. అలాస్కాకు చెందిన డాలీ సాంబో డరో వంటివారు ముసాయిదా దశ నుంచీ అక్కడే కూర్చున్నారు. 2007 సెప్టెంబరు 13న మూలవాసీ జనజాతుల హక్కుల ప్రకటన 144 ఓట్లతో నెగ్గింది. ఇన్యూట్ ఉన్న నాలుగు దేశాల్లో డెన్మార్క్ ఒక్కటే అనుకూలం, అమెరికా, కెనడా వ్యతిరేకం, రష్యా తటస్థం. భారతదేశం అనుకూలంగా ఓటేసింది. కెనడా 2021లో దాని అమలుకు చట్టమే చేసింది.

మనం ఆ అర్థంలో మూలవాసులం అని మేము అనడం లేదు. ఆ మాట మన రాష్ట్రాల్లో ఆదివాసులకు చెందుతుంది. 1970 నాటి ఒకటవ నిబంధన, 1997 సమతా తీర్పు వారి ఉమ్మడి హక్కును కాపాడేవి, వాటికి భంగం వచ్చినప్పుడు మనం వారి పక్కన నిలబడాలి. కాని ఉమ్మడిది, ఏ ఒక్కరిదీ కానిది, మన దగ్గరా ఉంది. ఖబరస్తాన్ ఎవరిది? ఈద్గాహ్ ఎవరిది? తరతరాలుగా వాడుకే దానికి పత్రం. 2025 సవరణ చట్టం 'వాడుక ద్వారా వక్ఫ్' అన్న మాటను నిర్వచనం నుంచి తీసివేసింది. ముందే నమోదైన వాటికి కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. ఆ చట్టం మంచిచెడ్డలు న్యాయస్థానం ముందున్నాయి, వాటిని లాయర్లకు వదిలేద్దాం. మన చేతిలో ఉన్న పని వేరు. మిత్రులు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

బయట బల్ల మీద ఒక నమూనా కాగితం పెట్టించాము. పెద్ద పటం ఒకటి, దాని పక్కన గడులు: సర్వే నంబరు, నలువైపులా సరిహద్దులు, చదవగలిగిన అన్నిటికన్నా పాత సమాధి రాయి మీది సంవత్సరం, నేల ఇచ్చినవారి పేరు వారి వారసులు పలికే తీరులో, చెప్పిన పెద్దల వయసు, విన్న ఇద్దరి సంతకాలు. పొరుగున ఉన్న హిందూ రైతుల మాట కూడా తీసుకోండి. గట్టు ఎక్కడ ఉండేదో వారికే బాగా తెలుసు. ఫోనులో గొంతు రికార్డు చేయండి. పనిని ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు కలిసి చేస్తే ఆడవారు చెప్పే సంగతులూ నమోదవుతాయి. మొదట ఎనభై దాటిన వారి ఇళ్లకు వెళ్లండి. నింపిన కాగితాలు రమజాన్‌కు ముందే మాకు అందితే, కూర్చుని ఒకదానితో ఒకటి సరిచూసి, శుభ్రప్రతి రాసి ఇస్తాము.